పిల్ల ఎవరి దగ్గర పనిచేస్తున్నట్టు? – ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ అధికారులకు పాలకొల్లు మెకానిక్ బహిరంగ లేఖ

రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ తయారీ విధానాన్ని చూస్తున్న అధికారులకు, ఆ ఫ్యాక్టరీల కోసం ఊళ్ళలో ఉద్యోగ మేళాలు పెట్టిస్తున్న వారికి,

నమస్కారమండి.

నేను పాలకొల్లులో రేడియో, టీవీ మెకానిక్‌ని. 1986లో షాపు పెట్టాను. అప్పట్లో ట్రాన్సిస్టర్లు, టేప్‌రికార్డర్లు. తర్వాత టీవీలు. ఈ పదేళ్ళుగా ఎక్కువగా వస్తున్నవి రొయ్యల చెరువుల నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లను నడిపించే స్టార్టర్ బోర్డులు. ఏ బోర్డు వచ్చినా నా పని మారదు. జబ్బు ఎక్కడుందో పట్టుకోవాలి, ఊడిన అతుకు వేయాలి.

ఈ ఉత్తరం మా అన్నయ్య కూతురి గురించి మొదలవుతుంది గానీ ఆమె ఒక్కదాని గురించి కాదు. ఒక్కదాని గురించే అయితే మీ ఆఫీసుకి అర్జీ పెట్టుకునేవాణ్ణి. పాలకొల్లు, నరసాపురం, ఆచంట, రాజోలు వైపు నుంచి అలా వెళ్ళిన అమ్మాయిలు చాలామంది ఉన్నారు కాబట్టి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఆమె పనిచేసే ఫ్యాక్టరీ పేరు, ఆమెను తీసుకెళ్ళిన ఏజెన్సీ పేరు ఇందులో రాయడం లేదు. ఒక కంపెనీని మందలిస్తే తీరిపోయే విషయం కాదిది.

రెండేళ్ళ క్రితం మా దగ్గర్లో ఒక ఉద్యోగ మేళా జరిగింది. ఇంటర్ పాసైన మా అమ్మాయి వెళ్ళింది. షామియానా కింద వరసగా బల్లలు, వెనక ఫ్లెక్సీలు, వాటి మీద మెరిసిపోయే ఫోన్ల బొమ్మలు. సాయంత్రానికి ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేసింది. మా వదిన దేవుడి దగ్గర దీపం పెట్టింది. మర్నాడు మా అన్నయ్య ఆ కాగితం పట్టుకుని నా షాపుకొచ్చాడు. ఫ్లెక్సీ మీద ఉన్నది ఒక బ్రాండు పేరు. మేళాలో మాట్లాడినాయన చెప్పింది వేరే ఫ్యాక్టరీ పేరు. కాగితం మీద ఉన్నది మూడో పేరు, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీది. కాగితమంతా ఇంగ్లీషే. అన్నయ్య ఒకటే అడిగాడు: "ఒరేయ్, ఇంతకీ పిల్ల ఎవరి దగ్గర పనిచేస్తున్నట్టురా?"

జీవితమంతా బోర్డులతో గడిపినవాణ్ణి, ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. ఆ తెలుసుకున్నదే మీ ముందు పెడుతున్నాను.

మా డెల్టా మనిషికి ఈ వ్యాపారం అర్థం కావడానికి రైస్ మిల్లు చాలు. కస్టమ్ మిల్లింగ్‌లో ధాన్యం ప్రభుత్వానిది, మర మిల్లరుది. 100 కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం లెక్కగా తిరిగి అప్పజెప్పాలి, ఆడించినందుకు కూలి పుచ్చుకోవాలి. ఆ బియ్యం ఎవరికి, ఎంత ధరకి వెళ్ళాలో మిల్లరు చేతిలో ఉండదు. కాంట్రాక్టు ఎలక్ట్రానిక్స్ తయారీ కూడా ఇంతే. ఫోను డిజైను బ్రాండుది. ఏ చిప్పు ఏ కంపెనీ దగ్గర కొనాలో కూడా చాలాసార్లు బ్రాండే చెబుతుంది. ఫ్యాక్టరీది సరుకు బిగించే యంత్రాల లైను, మనుషులు, అన్నమాట ప్రకారం సరుకు దింపే బాధ్యత. పెట్టె మీద మాత్రం దాని పేరు ఉండదు.

ఈ పనిలో మిగులు చాలా పలచన. ప్రపంచంలో అందరికన్నా పెద్దది తైవాన్ హాన్ హై, మనం ఫాక్స్‌కాన్ అని పిలిచేది. దాని స్థూల లాభమే 100 రూపాయల అమ్మకానికి 6 రూపాయల చుట్టూ తిరుగుతుంది. ఆఫీసు ఖర్చులు, వడ్డీలు, పన్నులు పోగా చివరికి మిగిలేది రెండు మూడు రూపాయలు. అందుకే ఈ ఫ్యాక్టరీలు ప్రతి సెకనూ లెక్కపెట్టుకుంటాయి. మనుషుల్ని కూడా ఆ లెక్కనే తీసుకుంటాయి. కొత్త ఫోను బజారుకి వచ్చే ముందు వేలమంది కావాలి, రద్దీ తగ్గాక అంతమంది అక్కర్లేదు. కోతలప్పుడు మేస్త్రీ ముఠాని దింపినట్టు ఏజెన్సీ అమ్మాయిల్ని దింపుతుంది, కోతలయ్యాక బండెక్కిస్తుంది. అందుకే మా అమ్మాయి కాగితం మీద మూడో పేరు ఉంది.

ఇది చిన్న పనని, చులకన పనని నేననడం లేదు. అలా అనుకునేవాళ్ళకి ఈ కంపెనీలు ఎక్కడ పుట్టాయో చెప్పాలి.

హాన్ హైని టెర్రీ గౌ అనే ఆయన 1974లో 7,500 డాలర్ల పెట్టుబడితో మొదలుపెట్టాడు. మొదట చేసిన సరుకు టీవీలో ఛానల్ మార్చే ప్లాస్టిక్ నాబ్. ఈ సంగతి చదివిన రోజు నేను లేచి అటక మీది డబ్బా దింపాను. 1980ల చివర్లో నా దగ్గరికొచ్చే బ్లాక్ అండ్ వైట్ టీవీల్లో చాలావాటికి ఆ నాబే జబ్బు. పిల్లలు టకటకా తిప్పి విరగ్గొట్టేవాళ్ళు, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పేవాళ్ళు. విరిగినవి పారేయబుద్ధి కాక డబ్బాలో వేసేవాణ్ణి, ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి నాబ్ దగ్గర మొదలైన మనిషి, ప్లాస్టిక్ పోతపోసే అచ్చుల తయారీ సొంతంగా పెట్టుకున్నాడు. అచ్చు చేయడం వచ్చాక కంప్యూటర్ల లోపలి కనెక్టర్లు చేశాడు. 1988లో చైనాలోని షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీ కట్టాడు. కనెక్టర్ నుంచి కంప్యూటర్ డబ్బాకి, డబ్బా నుంచి బోర్డుకి, బోర్డు నుంచి పూర్తి కంప్యూటరుకి, ఫోనుకి వెళ్ళాడు. 2015లో అదే కంపెనీ మన శ్రీసిటీలో షియోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. వేరేవాళ్ళ సరుకు చేసిపెడుతూనే, ఆ చేసిన ప్రతిదాని దగ్గరా ఒక కొత్త పని నేర్చుకుంటూ పైకి వెళ్ళింది.

ఇంకో కథ నాకు ఇంతకన్నా దగ్గరగా తగిలింది. ఇప్పుడు ఫ్లెక్స్ అని పిలిచే ఫ్లెక్స్‌ట్రానిక్స్‌ని 1969లో కాలిఫోర్నియాలో మెకెంజీ దంపతులు పెట్టారు. చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కంపెనీలు తమ దగ్గర పని ఎక్కువైనప్పుడు ఖాళీ బోర్డులు, విడిభాగాలు వీళ్ళకిచ్చేవి. ఆ భార్యాభర్తలు వాటిని ఇంటికి తెచ్చుకుని, చేత్తో ఒక్కొక్క భాగమే గుచ్చి, సోల్డర్ చేసి, అంటే కరిగించిన లోహంతో అతికి, తిరిగి ఇచ్చేవాళ్ళు. చేసిన బోర్డుకి ఇంత అని కూలి.

ఇది చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చిందండి. మా అమ్మ లేసు అల్లేది.

నరసాపురం లేసు గురించి మీకు తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. ఊళ్ళకి ఊళ్ళు ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లేవారు. ఏజెంటు నూలు కండెలు తెచ్చిచ్చేవాడు, వారానికో పదిరోజులకో వచ్చి అల్లింది తీసుకుపోయేవాడు. ఎంత నూలు అల్లితే అంత కూలి. అందులోనూ వాటాలున్నాయి. చేతిపని చేసేవాళ్ళు పువ్వులు అల్లుతారు, అతుకుపని చేసేవాళ్ళు ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డో దుప్పటో చేస్తారు. పువ్వు అల్లే మనిషికి పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో చూసే అవకాశమే తక్కువ. మా అమ్మది చేతిపని. ఆ గుడ్డలు ఏ దేశం వెళ్ళాయో, అక్కడ వాటి మీద ఎవరి పేరు కుట్టారో ఆమెకి తెలియదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా వీధిలో సంతోషపడ్డాం. అప్పటికి అమ్మ లేదు.

పక్కపక్కన పెట్టి చూడండి. ఇంట్లో కూర్చుని బోర్డులు గుచ్చిన ఆ దంపతుల కంపెనీ, వాళ్ళు అమ్మేశాక కొత్త యజమానుల చేతిలో 1981లో సింగపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 2007లో సొలెక్ట్రాన్ అనే మరో పెద్ద తయారీ కంపెనీని సుమారు 3.6 బిలియన్ డాలర్లకి కొనేసింది. ఆ సొలెక్ట్రాన్ కూడా 1977లో చిన్నగా మొదలై, 1991లో, మళ్ళీ 1997లో అమెరికా జాతీయ నాణ్యత పురస్కారం మాల్కమ్ బాల్డ్రిజ్ అందుకున్న కంపెనీ. అంటే పరాయి సరుకు చేసిపెట్టడంలో తక్కువతనం ఏమీ లేదు. మా అమ్మ మాత్రం మొదటి రోజు పువ్వు అల్లింది, కళ్ళు పోయే దాకా పువ్వే అల్లింది. అతుకుపని నేర్పుతామని గానీ, డిజైను గీయడం నేర్పుతామని గానీ ఆమెను ఎవరూ అడగలేదు.

నేను మీకు చెప్పదలచుకున్నదల్లా ఇదేనండి. ఈ పరిశ్రమలో కంపెనీలకి మెట్లున్నాయి. మా అమ్మాయి కాలు పెట్టే మెట్టు ఎక్కడుంది?

మొన్న సంక్రాంతికి ఆమె ఇంటికొచ్చింది. భీమవరం నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, గూడూరు దాటాక దిగి, అక్కడి నుంచి హాస్టల్ బస్సులో వెళ్ళాలి. రావడానికీ అంతే. భోగి నాడు సాయంత్రం నా షాపులో కూర్చుంది. బల్ల మీద ఒక స్టార్టర్ బోర్డు ఉంది, ఆకివీడు వైపు చెరువుది. నాలుగు రోజులుగా నన్ను ఏడిపిస్తోంది. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఆ చెరువు ఆసామి రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు. చేయడా మరి, రాత్రిపూట ఏరేటర్లు ఆగిపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. నేను ట్రాన్స్‌ఫార్మర్ చూశాను, రిలే మార్చాను, ఐసీ కాళ్ళన్నీ మళ్ళీ సోల్డర్ చేశాను.

ఆమె నా భూతద్దం తీసుకుని బోర్డుని దీపానికి వంచి పట్టుకుంది. నిమిషం కూడా పట్టలేదు. "బాబాయ్, ఈ కెపాసిటర్ చూడు, ఒక కొస లేచింది. టూంబ్‌స్టోన్ ఇది" అంది. నువ్వుగింజంత కెపాసిటర్. ఒక కొస రాగి మచ్చకి అతుక్కుని ఉంది, రెండో కొస వెంట్రుకంత పైకి లేచి, పొలంలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలా ఉంది. మోటారు అదురుకి తగులుతూ ఊడుతూ ఉంది. నేను నాలుగు రోజులు వెతికింది అదే.

"ఎలా లేచింది?" అని అడిగాను. అప్పుడు ఆమె ఆ లైనంతా చెప్పింది. సోల్డర్ పేస్టుని ఫ్రిజ్‌లో ఉంచుతారట, వాడే ముందు కొన్ని గంటలు బయట పెట్టి చల్లదనం పోనిస్తారట. లేకపోతే గాలి చెమ్మ పట్టేస్తుంది. చిల్లులున్న సన్నటి స్టీలు రేకుని బోర్డు మీద పరిచి, ముగ్గు అచ్చు మీద పిండి తోసినట్టు పేస్టుని తోస్తారు. ఆ పేస్టు ఎంత మందాన పడిందో ఒక యంత్రం కొలుస్తుంది. తర్వాత పిక్ అండ్ ప్లేస్ యంత్రం రీళ్ళలోంచి భాగాలు తీసి, కంటికి అందనంత వేగంగా పెడుతుంది. ఫోన్లలోనైతే అర మిల్లీమీటరు కన్నా చిన్నవి కూడా ఉంటాయట. అక్కడి నుంచి రీఫ్లో ఓవెన్. మెల్లగా వేడెక్కించి, పేస్టు కరిగించి, చల్లార్చి బయటికి పంపుతుంది. రెండు కొసల దగ్గర పేస్టు ఒకేసారి కరగకపోతే, ముందు కరిగిన వైపు సోల్డర్ భాగాన్ని లాగేసుకుంటుంది. రెండోది లేచి నిలబడుతుంది. నేను డ్రై సోల్డర్ అని ఒకే పేరుతో పిలిచే జబ్బుల్ని ఆమె ఐదారు పేర్లతో విడగొట్టి చెప్పింది.

నా లెడ్డు తీగ చూసి కూడా ఒక మాట అంది. తగరం 63, సీసం 37 కలిసిన ఈ తీగ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వాళ్ళ ఫ్యాక్టరీలో సీసం లేదు, వాళ్ళ మిశ్రమం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. యూరప్ 2006 జులై 1 నుంచి ఇలాంటి సామానుల్లో సీసాన్ని కట్టడి చేశాక ప్రపంచమంతా అటు మళ్ళింది. "కొత్త బోర్డుల మీద నీ తీగతో కలిపి వేస్తే రెండు రకాలు కలిసిపోతాయి బాబాయ్, పాత సోల్డర్ పూర్తిగా తీసేసి వేసుకో" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఇది చెప్పిన మొదటి మనిషి ఆమె. అయినా చిన్నతనం అనిపించలేదండి. గర్వంతో గొంతు పూడుకుపోయింది.

"మరి ఆ లైనులో నువ్వు ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

ఆమె ఏఓఐ దగ్గర కూర్చుంటుంది. కెమెరాతో బోర్డుని చూసే యంత్రం అది. అనుమానం వచ్చినచోట తెర మీద ఎర్ర గడి చూపిస్తుంది. అది నిజంగా తప్పా, లేక యంత్రం పొరబడిందా అని మనిషి చూసి మీట నొక్కాలి. సరే, కాదు. సరే, కాదు. 22 నెలలుగా అదొక్కటే. తప్పున్న బోర్డు పక్కనే రీవర్క్ బల్ల మీదికి వెళుతుంది. అక్కడ వేడి గాలి మిషనుతో ఆ భాగాన్ని తీసి మళ్ళీ అతుకుతారు. ఆ పని నేర్చుకుంటానని రెండుసార్లు అడిగిందట. అది కంపెనీ మనుషుల పని, నువ్వు ఏజెన్సీ మనిషివి అన్నారట. మిగతా లైను గురించి ఆమెకి తెలిసినదంతా భోజనాల దగ్గర స్నేహితురాళ్ళని అడిగి, దారిలో నడుస్తూ అద్దాల్లోంచి చూసి తెలుసుకున్నది. ఆమె చేతిలో సర్టిఫికెట్ లేదు. రేపు ఆ పని పోతే, కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గర మళ్ళీ ఇంటర్ పాసైన అమ్మాయే.

మా అమ్మ చేతిపని గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ పరిశ్రమలో జరిగిన కష్టాలు మీకు నాకన్నా బాగా తెలుసు, అయినా రెండు మూడు గుర్తుచేస్తాను. 2010లో షెన్‌జెన్‌లోని ఫాక్స్‌కాన్ ప్రాంగణాల్లో పడుచు కార్మికులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు, భవనాల చుట్టూ వలలు కట్టాల్సి వచ్చింది, ఆ తర్వాతే జీతాలు పెంచారు. 2020 డిసెంబర్ 12న నరసాపురలో గొడవ అని పేపర్లో చదివి మా వైపు వాళ్ళు ఉలిక్కిపడ్డారు. మన నరసాపురం కాదు, కర్ణాటకలో కోలారు దగ్గరి ఊరు. అక్కడ ఐఫోన్లు చేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాలు సరిగా అందలేదని కార్మికులు తిరగబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్ళే. కొందరికి జీతం సరిగా చెల్లించలేదని కంపెనీయే తర్వాత ఒప్పుకుంది. ఆ ఫ్యాక్టరీని 2023లో టాటాలు కొన్నారు. 2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ అమ్మాయిలు హాస్టల్ తిండి తిని వందల సంఖ్యలో జబ్బుపడి, చెన్నై–బెంగుళూరు రహదారి మీద కూర్చున్నారు. హాస్టల్ ఒకరిది, వంట ఒకరిది, ఫ్యాక్టరీ ఒకరిది. మా అన్నయ్య అడిగిన ప్రశ్నే ఆ రోడ్డు మీద కూడా ఉంది.

అదే శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబర్ 1న ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని పక్కనే నడిచిన ఫాక్స్‌కాన్ యూనిట్ ఆ డిసెంబర్‌లో మూతబడింది. ఫ్యాక్టరీలు వస్తాయి, పోతాయి, వాటిని ఆపడం మీ చేతిలో కూడా పూర్తిగా లేదని నాకు తెలుసు. పోయేటప్పుడు అమ్మాయి చేతిలో ఏముంటుందన్నది మాత్రం మీరు ఇప్పుడే తేల్చగలిగిన విషయం.

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇచ్చి తీరాలని వాటిలో ఉంది. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు ఉందనీ ఉంది. మంచి మాట. మీరు ఉద్యోగ మేళాకి షామియానా వేసినప్పుడు, ఆ పత్రం తెలుగులో ఉండాలని షరతు పెట్టండి. ఎవరి సరుకు, ఎవరి ఫ్యాక్టరీ, జీతం ఇచ్చేది ఎవరు, హాస్టల్‌కి జవాబుదారీ ఎవరు, ఎన్ని నెలలు – ఇవి మా వదిన చదువుకునేలా రాయించండి. అలా రాసివ్వలేని బల్లని మేళాలోకి రానివ్వకండి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

రెండోది డబ్బుతో ముడిపడినది. 2020లో కేంద్రం తెచ్చిన ప్రోత్సాహక పథకం వల్ల దేశంలో ఫోన్ల బిగింపు పెరిగింది. 2025 మార్చిలో విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకం ఆమోదించారు. అందులో ప్రోత్సాహకంలో కొంత భాగాన్ని ఎంతమందికి ఉద్యోగాలిచ్చారన్న లెక్కకి ముడిపెట్టారు. రాష్ట్రం తన వంతు రాయితీలు విడిగా ఇస్తోంది. మీరిచ్చే రాయితీలో కొంత భాగాన్ని, లైనులో చేరిన అమ్మాయిల్లో ఎంతమంది ఏడాదిలో రెండో పని నేర్చుకున్నారు, రెండేళ్ళలో ఎంతమంది రీవర్క్‌కో, టెస్టింగ్‌కో, మెషిన్ ఆపరేటర్‌గానో వెళ్ళారు అన్న లెక్కకి ముడిపెట్టండి. తలకాయలు లెక్కపెట్టినట్టే చేతులు నేర్చిన పనులూ లెక్కపెట్టండి. నేర్చిన ప్రతి పనికీ ఏ ఫ్యాక్టరీలోనైనా చెల్లే సర్టిఫికెట్ ఇప్పించండి. ఏజెన్సీ మనిషి అయినా సరే. 2025లోనే మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచింది. పది గంటలు అదే తెర, అదే ఎర్ర గడి చూసే కళ్ళకి బల్ల మారడం చదువే కాదండి, విశ్రాంతి కూడా.

కంపెనీలు ఒప్పుకోవంటారేమో. వాళ్ళ లాభం రెండు మూడు రూపాయలని నేనే రాశాను. కానీ పనిచేసి వెళ్ళిపోయేవాళ్ళ చోట కొత్తవాళ్ళని తెచ్చి, వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచీ నేర్పుకునే ఖర్చు కూడా ఆ రెండు మూడు రూపాయల్లోంచే పోతోంది. నాలుగు బల్లల పని తెలిసిన మనిషి ఉంటే, ఒకరు రాని రోజు లైను ఆగదు. ఈ మాట నాకు చెప్పింది మా అమ్మాయే.

మూడో కోరిక మా డెల్టాకి సొంతం. ఈ అమ్మాయిలకి ఫ్యాక్టరీ మెట్లెక్కే ముందే బోర్డు చేత్తో పట్టుకునే అవకాశం ఇక్కడే ఇవ్వండి. మా జిల్లాల ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఒక్కచోట, ఒకే ఒక్క చిన్న లైను పెట్టండి. పేస్టు తోసే అచ్చు, చిన్న పిక్ అండ్ ప్లేస్, చిన్న ఓవెన్, ఒక రీవర్క్ బల్ల. చేయడానికి సరుకు లేదనుకోకండి. భీమవరం చుట్టూ చెరువుల మీద తిరిగే ప్రతి ఏరేటర్ సెట్టుకీ ఒక స్టార్టర్ పెట్టె ఉంది, నేను చూసినవన్నీ బయటి నుంచి వచ్చినవే. మా ఉప్పుగాలికి, చెమ్మకి తట్టుకోలేక నా షాపుకొస్తాయి. బోర్డు మీద పల్చటి రక్షణ పూత వేస్తే వాటిలో చాలా బతుకుతాయి, ఆ పూత వేయకుండానే వస్తున్నాయి. మా గాలి ఎలాంటిదో తెలిసిన చేతులు ఆ బోర్డులు చేస్తే అలా పంపవు.

ఇది మా నేలకి కొత్తేమీ కాదు. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు మా భీమవరం పక్క మోగల్లులో పుట్టినవారు. ఆయన పేరు మీదున్న ఏఎస్ రావు నగర్ అంటే హైదరాబాద్‌లో అందరికీ తెలుస్తుంది, ఆయన ఏ ఊరివారో మా పిల్లల్లోనే చాలామందికి తెలియదు. అణు రియాక్టర్లకి కావలసిన పరికరాలు మనమే చేసుకోవాలని పట్టుబట్టి చేయించిన మనిషి. ఈసీఐఎల్ టీవీలు నేను ఎన్నో విప్పాను. లోపల సర్క్యూటు చదువుకోవడానికి వీలుగా ఉండేది. చేసినవాడికి తెలిసి చేశాడని తెలిసిపోయేది.

మా అమ్మాయి కనుమ మర్నాడే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ స్టార్టర్ బోర్డు మీద కెపాసిటర్‌ని తనే అతికింది, నా ఐరన్‌తో, చెయ్యి వణక్కుండా. అది ఆమె సోల్డర్ చేసిన మొదటి అతుకు. 22 నెలలు సోల్డర్ అతుకుల్ని చూసిన పిల్ల, ఒక్కటి కూడా వేయలేదు. ఆ బోర్డు ఆకివీడు చెరువు మీద ఇప్పటికీ నడుస్తోంది.

ఆమె కాంట్రాక్టు కాగితం వచ్చే నెల మళ్ళీ రాయాలి. అది మళ్ళీ ఇంగ్లీషులో, మూడో పేరు మీద వస్తే సంతకం పెట్టమనాలా వద్దా అని మా అన్నయ్య అడుగుతున్నాడు. ఈసారి ఆయనకి ఏం చెప్పమంటారో మీరు రాయండి. మీ జవాబు కాగితాన్ని షాపు గోడకి అతికిస్తాను, వచ్చిపోయే తల్లిదండ్రులు చదువుకుంటారు.

ఇట్లు,
ఒక రేడియో, టీవీ మెకానిక్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా